ఆటలో ఒకరి మనసు లాక్కోవచ్చా?



ప్లేనో, ఫ్రిస్కో, ఆలెన్ ప్రాంతాల మన తెలుగు ఇళ్ళలో ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వినబడుతోంది. "మా అబ్బాయి స్నేహితులతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాడు. అందులో దయ్యాలున్నాయట, మంత్రాలున్నాయట, ఇంకొకరి మనసును వశం చేసుకోవడం కూడా ఉందట. విశ్వాసుల పిల్లలు ఆడవచ్చా?" నేను కంప్యూటర్ సైన్స్‌లో మాస్టర్స్ చేసిన రోజుల్లో క్లాస్‌మేట్లతో కూర్చుని ఈ ఆట ఆడినవాణ్ణి కాబట్టి కొందరు నన్ను నేరుగా అడుగుతున్నారు. అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి: ఈ ఆట వల్ల పిల్లల మీదికి ఏదైనా దురాత్మ వస్తుందా? రెండోది: ఇంకొకరి ఇష్టాన్ని లాక్కోవడాన్ని ఆటలోనైనా సరదాగా చేయవచ్చా? మనం మొదటిదాని గురించే ఎక్కువ భయపడతాం. రెండోది మన ఇళ్ళకు మరింత దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది.

ఆట ఎలా ఉంటుంది?

తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను. ఈ ఆటను గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు రూపొందించారు. 1974లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుండి మొదటిసారి అచ్చయింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుంటారు: ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ, ఇలా. ఆటను నడిపే వ్యక్తిని డంజన్ మాస్టర్ అంటారు. అతను కథ చెబుతాడు, మిగతావాళ్ళు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం ఏమవుతుందో తేల్చడానికి ఇరవై ముఖాల పాచిక వేస్తారు. స్క్రీన్ అక్కర్లేదు. కాగితం, పెన్సిల్, పాచికలు, మాటలు ఉంటే చాలు. మన చిన్నప్పుడు వేసవి సెలవుల్లో "నువ్వు రాజు, నేను మంత్రి" అని ఆడుకున్న ఆటకు మూడు వందల పేజీల నియమాల పుస్తకం రాస్తే ఇలాగే ఉంటుంది.

ఆ నియమాల్లో మనసుకు సంబంధించిన మంత్రాలు కొన్ని ఉన్నాయి. చార్మ్ పర్సన్ అనే మంత్రం వేస్తే ఎదుటివాడు మిమ్మల్ని స్నేహితుడిగా చూస్తాడు. సజెషన్ వేస్తే మీరు చెప్పిన పని అతనికి సబబుగా తోచి చేస్తాడు. డామినేట్ పర్సన్ వేస్తే అతని శరీరాన్ని మీరే నడపవచ్చు. ఇక దయ్యం ఒక పాత్రను ఆవహిస్తే, ఆ మనిషికి జరిగేదంతా తెలుస్తూనే ఉంటుంది గాని చెయ్యీ కాలూ అతని మాట వినవు.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. ఇవి ఏవీ వేసిన వెంటనే పనిచేయవు. ఎదుటి పాత్రకు ఎదిరించే అవకాశం ఒకటి ఇస్తారు. దాన్ని సేవింగ్ త్రో అంటారు, పాచిక వేసి తేలుస్తారు. మంత్రంతో మనసును పట్టుకోబోయినప్పుడు ఈ అవకాశం చాలావరకు కండబలం మీద ఆధారపడదు, వివేకం మీద ఆధారపడుతుంది. దయ్యం ఆవహించబోయినప్పుడు వ్యక్తిత్వ బలం మీద ఆధారపడుతుంది. ఈ సంగతి దగ్గరికి మళ్ళీ వద్దాం.

అమెరికా సంఘాలు ఒకసారి భయపడిన కథ

ఈ భయం మనతో మొదలవలేదు. 1979 ఆగస్టులో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో పదహారేళ్ళ విద్యార్థి ఒకడు కనబడకుండా పోయాడు. పదహారేళ్ళకే యూనివర్సిటీలో ఉన్నాడంటే ఎంత తెలివైనవాడో ఊహించండి. అతను డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాడని తెలిసింది. కుటుంబం నియమించిన ప్రైవేట్ డిటెక్టివ్ మన డాలస్‌వాడే, పేరు విలియం డియర్. క్యాంపస్ కింద ఉన్న ఆవిరి గొట్టాల సొరంగాల్లో ఈ ఆట నిజంగా ఆడుతూ తప్పిపోయి ఉంటాడన్న ఊహ పత్రికలకెక్కింది. కొన్ని వారాల తరువాత ఆ అబ్బాయి లూసియానాలో ప్రాణాలతో దొరికాడు. కానీ మరుసటి ఏడాది అతను తన ప్రాణం తానే తీసుకున్నాడు. 1984లో డియర్ ఈ కేసు మీద పుస్తకం రాశాడు. ఆ అబ్బాయి సొరంగాల్లోకి వెళ్ళింది ఆడుకోవడానికి కాదనీ, అప్పటికే బతకాలని లేక వెళ్ళాడనీ అందులో చెప్పాడు. ఒంటరితనం, కుంగుబాటు, చదువులో ఎప్పుడూ ముందుండాలన్న ఒత్తిడి, ఇవన్నీ ఆ పిల్లవాడి జీవితంలో ఉన్నాయి.

కానీ అప్పటికే కథ మరోదారి పట్టింది. 1982లో టామ్ హాంక్స్ నటించిన మేజెస్ అండ్ మాన్‌స్టర్స్ అనే టీవీ సినిమా వచ్చింది. అందులో ఇలాంటి ఆట ఆడే కుర్రవాడికి మతి చలిస్తుంది. 1983లో వర్జీనియాకు చెందిన ప్యాట్రీషియా పుల్లింగ్ అనే తల్లి ఈ ఆటకు వ్యతిరేకంగా ఒక సంస్థ పెట్టారు. అంతకుముందు ఏడాది ఆమె కుమారుడు ఆత్మహత్య చేసుకున్నాడు. ఆటలో అతని పాత్రకు పెట్టిన శాపమే కారణమని ఆమె నమ్మారు. ఆ తల్లి దుఃఖాన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకు చేతకాదు. అయినా ఆట వల్లే పిల్లలు చనిపోతున్నారన్న సంగతి ఎప్పుడూ రుజువు కాలేదు.

1984లో జాక్ చిక్ అనే రచయిత డార్క్ డంజన్స్ అనే బొమ్మల కరపత్రం అచ్చువేశాడు. అందులో ఒక అమ్మాయి ఆటలో నేర్చుకున్న వశీకరణ మంత్రాన్ని సొంత తండ్రి మీదే ప్రయోగిస్తుంది. ఆట వద్దన్న తండ్రి ఆ తరువాత తనే డబ్బిచ్చి ఆట సామాను కొనిపెడతాడు. ఆ కరపత్రం ఎన్నో సంఘాల్లో పంచారు. ఆట పుస్తకంలోని మంత్రాలు నిజంగా పనిచేస్తాయని చెప్పడం దాని ఉద్దేశం. నేను ఆ పుస్తకాలు చదివాను. అందులో మంత్రం అంటే ఎంత దూరం, ఎంతసేపు, ఏ పాచిక అన్న లెక్కలే. సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌కూ దానికీ పెద్ద తేడా కనబడదు.

ఈ గొడవ వల్ల ఆట కంపెనీ 1989లో తెచ్చిన రెండో ఎడిషన్‌లో దయ్యాలు, పిశాచాలు అనే మాటలే తీసేసింది. తరువాత వేరే పేర్లతో వాటిని తిరిగి తెచ్చింది. పేర్లు మారాయి, రెక్కలూ కొమ్ములూ అలాగే ఉన్నాయి. ఇందులో మనం నేర్చుకోవలసింది ఉంది. పేరు తీసేస్తే సమస్య తీరినట్టు కాదు, పేరు ఉన్నంత మాత్రాన సమస్య ఉన్నట్టూ కాదు.

నన్ను కలచివేసేది వేరే సంగతి. అదే 1983లో మన ప్లేనోలోనే కొద్ది నెలల వ్యవధిలో పలువురు టీనేజర్లు ఆత్మహత్య చేసుకున్నారు. దేశమంతా పత్రికలు మన ఊరి గురించి రాశాయి. వేగంగా పెరుగుతున్న ఊరు, ఎక్కడెక్కడి నుండో వచ్చి స్థిరపడిన కుటుంబాలు, వేళ్ళూనని పిల్లలు, వాళ్ళ మీద పెద్ద పెద్ద అంచనాలు, వీటి గురించి అప్పుడు చర్చ జరిగింది. ఆ వర్ణన చదివితే ఈనాటి మన తెలుగు కుటుంబాల గురించి రాసినట్టే ఉంటుంది. పిల్లవాడి గదిలో ఉన్న పాచికలను చూసి భయపడి, ఆ పిల్లవాడి ముఖం చూడటం మర్చిపోతే ఎంత నష్టమో ఈ కథ చెబుతుంది.

మన భయానికి వేరే వేళ్ళున్నాయి

అయితే మన పెద్దవాళ్ళ భయాన్ని అమెరికా టీవీ నేర్పలేదు. గుంటూరు జిల్లాలోనో ఖమ్మం జిల్లాలోనో పల్లెలో పెరిగిన మన అమ్మలకు దయ్యం పట్టడం, పూనకం, చేతబడి అనేవి సినిమా సంగతులు కావు. వీధిలో చూసినవి. ప్రార్థన కోసం సంఘానికి తీసుకొచ్చిన మనుషులను కళ్ళారా చూశారు. కొందరికి ఆ భయం నుండి విడుదలే వారి సాక్ష్యం. అలాంటి తల్లి "దయ్యం ఆవహిస్తుంది" అన్న మాటను ఇంగ్లీషులో నవ్వుతూ చెప్పే కొడుకును చూస్తే గుండె జారుతుంది. అది అజ్ఞానం కాదు, జ్ఞాపకం. పిల్లలు దీన్ని అర్థం చేసుకోవాలి.

కానీ అదే జ్ఞాపకంలో రెండో భాగం కూడా ఉంది. తెలంగాణ పల్లెల్లో బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషులను చెట్టుకు కట్టి కొట్టారు, పళ్ళు ఊడగొట్టారు, చంపారు. ఎక్కువగా పేదవాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు, తక్కువ కులమని చెప్పబడినవాళ్ళు బలయ్యారు. మంత్రం నిజంగా ఎవరికైనా హాని చేసిందో లేదో గాని, మంత్రం చేస్తున్నారన్న అనుమానం మాత్రం ప్రాణాలు తీసింది. కాబట్టి భయపడే విశ్వాసి రెండింటికీ భయపడాలి: చీకటి శక్తులతో చెలగాటానికీ, నిర్దోషి మీద నింద వేయడానికీ.

వాక్యం ఏమంటుంది? ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయంలో శకునం, మంత్రం, కర్ణపిశాచిని అడగడం అన్నీ నిషేధం. దానిలో సందేహం లేదు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఎఫెసువారు మాంత్రిక పుస్తకాలను తెచ్చి అందరి ఎదుట కాల్చివేశారు, వాటి వెల యాభై వేల వెండి నాణేలు. అయితే ఆ పుస్తకాలు ఎవరివి? ఆ విద్యను అభ్యసించినవారివి. శక్తి కోసం, లాభం కోసం వాడినవి. మాంత్రికుడున్న కథను చదవడం, చెప్పడం, నటించడం వేరు. మంత్రాన్ని అభ్యసించడం వేరు. మన క్రిస్మస్ నాటకంలో హేరోదు వేషం వేసిన పిల్లవాడు హంతకుడు కాడు. నాతాను ప్రవక్త దావీదుకు ఒక కథ చెప్పి అతని పాపాన్ని అతనికే చూపించాడు. తెకోవ ఊరి స్త్రీ అయితే ఏకంగా దుఃఖవస్త్రాలు వేసుకుని, లేని కుమారుల కథతో రాజు ముందు నటించింది (2 సమూయేలు 14). ఊహను దేవుడు పాపమని పక్కన పెట్టలేదు. సత్యం చేరడానికి అదొక దారి అయింది.

అయినా ఊహ ఖర్చు లేనిది కాదు. సి. ఎస్. లూయిస్ 1942లో అచ్చయిన తన స్క్రూటేప్ లెటర్స్ పుస్తకాన్ని ఒక పెద్ద దయ్యం గొంతుతో రాశాడు. ఎంతోమంది విశ్వాసులకు అది మేలు చేసింది. కానీ అలా రాయడం సులువే అయినా తనకు ఆనందం ఇవ్వలేదని, ఆత్మ ఎండిపోయినట్టు అనిపించిందని ఆయనే చెప్పాడు. మంచి ఉద్దేశంతో వేసుకున్న వేషం కూడా మనిషిని కొంత తాకుతుంది. కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది: ఆట దానంతటదే ఎవరి మీదికీ దురాత్మను తెచ్చే తలుపు అని నేను నమ్మను. కానీ మనం ఊహలో ఏం సాధన చేస్తున్నామో అది మన అలవాట్లలోకి దిగుతుంది. అందుకే రెండో ప్రశ్న ముఖ్యం.

లాక్కున్న "అవును"

ఆటలో కత్తితో శత్రువును చంపవచ్చు. దానికి ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పరు. అలాంటప్పుడు మంత్రం వేసి కావలివాణ్ణి స్నేహితుడిగా మార్చుకుని, రక్తం చిందకుండా ద్వారం దాటితే తప్పేమిటి? మంచి ప్రశ్నే. నిజానికి అక్కడ ఒక ప్రాణం మిగిలింది. దాన్ని కత్తికంటే ఘోరమని నేను అనను.

కానీ ఇంకో సందర్భం చూడండి. అదే మంత్రం దుకాణదారు మీద వేసి సరుకు ఉచితంగా తెచ్చుకుంటారు. లేదా ఒక స్త్రీ పాత్ర మీద వేసి ప్రేమించేలా చేస్తారు. లేదా శత్రువును వశం చేసుకుని అతని చేతితోనే అతని తమ్ముణ్ణి చంపిస్తారు. కత్తి ఎత్తినప్పుడు ఎదుటివాడు ఎదుటివాడిగానే ఉంటాడు, మనల్ని ద్వేషించే స్వేచ్ఛ అతనికి చివరిదాకా ఉంటుంది. వశీకరణలో అతణ్ణి పనిముట్టుగా మారుస్తాం, అతని చేతనే పాపం చేయిస్తాం. పైగా అతను "అవును" అన్నట్టు కనబడుతుంది. ఆ అవును అతనిది కాదు.

మన కథలకు ఇది కొత్త కాదు. బాలనాగమ్మ కథ మనందరికీ తెలుసు. 1942లో సినిమాగా కూడా వచ్చింది. మాయల మరాఠీ ఆమెను కుక్కగా మార్చి ఎత్తుకుపోతాడు. ఆమె రూపం మార్చగలిగాడు, కోటలో బంధించగలిగాడు. ఆమె ఇష్టాన్ని మాత్రం గెలవలేకపోయాడు. ఆ కథ వింటున్న పల్లె జనం ఎవరి పక్షం? ఒక్కరు కూడా మాంత్రికుడి పక్షం కాదు. వశీకరణ కథలో ఉండటం తప్పు కాదు. అది ఎవరికి విజయంగా కనబడుతోంది అన్నది చూడాలి.

బల్ల దగ్గర ఇంకో చిక్కుంది. దయ్యం ఆవహించిన పాత్ర మన స్నేహితుడిదే అనుకోండి. ఆటలో అతనికి ఉన్న ఒకే ఒక్క సంపద తన పాత్ర ఏం చేస్తుందో తానే చెప్పగలగడం. దాన్ని లాక్కుని "ఇప్పుడు నువ్వు నీ మిత్రుడి మీద కత్తి ఎత్తావు" అని డంజన్ మాస్టర్ చెబితే, పాత్రతో పాటు మనిషి కూడా మూగవాడవుతాడు. రెండు గంటలు ఊరికే కూర్చుంటాడు. తమ సొంత జీవితంలో ఎవరో బలవంతం చేసిన అనుభవం ఉన్నవారికి అది ఇంకా బాధ. అందుకే అనుభవమున్న ఆటగాళ్ళు ఆట మొదలుకాకముందే ఒకసారి కూర్చుని ఏవి ఉండవచ్చు, ఏవి వద్దు అని మాట్లాడుకుంటారు. కొన్ని బల్లల మీద ఎక్స్ గుర్తు ఉన్న కార్డు ఒకటి పెడతారు. ఇబ్బంది కలిగినవాళ్ళు దాన్ని తాకితే చాలు, కారణం చెప్పనక్కర్లేదు, ఆ సంగతి అక్కడితో ఆగిపోతుంది. ఆటలో కూడా "చాలు" అనే హక్కు ఉండాలని లోకస్థులే కనిపెట్టారు.

ఆట నియమాలు కూడా ఏళ్ళ తరబడి ఇదే దిశలో మారాయి. 1974 నాటి మొదటి పుస్తకంలో చార్మ్ పర్సన్ పడితే, ఆ మంత్రాన్ని తొలగించేదాకా ఎదుటివాడు పూర్తిగా మాంత్రికుడి ప్రభావంలోనే. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్‌లో అదే మంత్రం ఒక్క గంట. దాని ప్రభావంలో ఉన్నవాడు మనల్ని తెలిసిన స్నేహితుడిలా చూస్తాడు, అంతే, బానిస కాడు. గంట అయ్యాక తనమీద మంత్రం వేశారని అతనికి తెలిసిపోతుంది. డామినేట్ పర్సన్ వేసినా దెబ్బ తగిలిన ప్రతిసారీ తప్పించుకునే అవకాశం వస్తుంది. సజెషన్‌తో తనను తాను పొడుచుకోమంటే మంత్రమే విరిగిపోతుంది. ఆట సరిగా నడవడం కోసమే ఈ మార్పులు చేసి ఉండవచ్చు. కానీ నలభై ఏళ్ళు ఆడిన తరువాత తేలింది ఏమిటంటే, ఎదుటివాడి ఇష్టాన్ని పూర్తిగా తుడిచేస్తే కథే మిగలదు.

యేసు ఎవరినీ వశం చేసుకోలేదు

మార్కు సువార్త 5వ అధ్యాయం గుర్తు తెచ్చుకుందాం. గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య బతికిన మనిషి. పేరు అడిగితే తన పేరు చెప్పలేదు, సేన అన్నాడు. అతని గొంతుతో వేరెవరో మాట్లాడుతున్నారు. బట్టలు లేవు, ఇల్లు లేదు, తన శరీరాన్నే రాళ్ళతో గాయపరచుకుంటున్నాడు. ఒకరి ఇష్టాన్ని వేరే శక్తి ఆక్రమిస్తే చివరికి ఏమవుతుందో అక్కడ కనబడుతుంది. యేసు విడిపించిన తరువాత ఊరివాళ్ళు చూసిన దృశ్యం ఏమిటి? బట్టలు వేసుకుని, స్వస్థచిత్తుడై, నెమ్మదిగా కూర్చున్న మనిషి. దయ్యాల స్థానంలో యేసు వచ్చి కూర్చుని అతణ్ణి నడపలేదు. అతణ్ణి అతనికి తిరిగి ఇచ్చాడు. ఆ వెంటనే ఆ మనిషి నోరు తెరిచి తన సొంత కోరిక ఒకటి అడిగాడు. ప్రభువు దానికి ఒప్పుకోలేదు, ఇంటికి వెళ్ళి నీవారికి చెప్పమన్నాడు. అడిగే స్వేచ్ఛ, విని లోబడే స్వేచ్ఛ, రెండూ అతనికి అప్పుడే వచ్చాయి.

ఫిలిప్పీలో పుతోను అనే దయ్యం పట్టిన చిన్నదాని సంగతి కూడా అంతే (అపొ. కార్యములు 16). ఆమెలోని దయ్యం వల్ల ఆమె యజమానులకు బాగా లాభం వచ్చేది. పౌలు ఆమెను విడిపించగానే వాళ్ళకు కోపం వచ్చింది, ఎందుకంటే ఆదాయం పోయింది. ఒకరి మనసు వారి వశంలో లేకపోతే ఎవరికి లాభం అన్న ప్రశ్న వాక్యమే మనకు నేర్పుతోంది.

పరిశుద్ధాత్మ విషయానికి వస్తే, ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనంలోనే ఉంటాయని పౌలు కొరింథీయులకు రాశాడు (1 కొరింథీ 14:32). ఆత్మ ఫలాల జాబితా చివర ఉన్నది ఆశానిగ్రహం, అంటే తనమీద తనకు పట్టు. ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో ప్రభువు తలుపు దగ్గర నిలబడి తడుతున్నాడు. విశ్వాన్ని చేసినవాడికి తాళం ఒక లెక్కా? అయినా తడుతున్నాడు.

ఇక్కడ ఎవరైనా ఫరో సంగతి అడగవచ్చు. దేవుడు అతని హృదయాన్ని కఠినపరచాడు కదా? అది కష్టమైన భాగమే, ఒక్క పేరాలో తేల్చేది కాదు. కానీ నిర్గమకాండము 8వ అధ్యాయం చదివితే ఫరో తన హృదయాన్ని తానే కఠినపరచుకున్నాడని రెండుసార్లు కనబడుతుంది. దేవుడు ఆ మనిషి కోరుకున్న దారిలోనే అతణ్ణి విడిచిపెట్టాడు. దాన్ని వశీకరణతో సమానం చేయలేం.

మన ఇళ్ళలో సేవింగ్ త్రో ఉందా?

ఇప్పుడు ఆట పుస్తకం మూసేసి మన సంగతి మాట్లాడుకుందాం.

సజెషన్ మంత్రం నియమం గుర్తుందా? చెప్పే మాట సబబుగా వినిపించాలి. మన ఇళ్ళలో సబబుగా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. "నీ కోసమే అన్నీ వదులుకుని ఈ దేశం వచ్చాం." "నువ్వు ఈ మేజర్ తీసుకోకపోతే నాన్నగారి ఆరోగ్యం ఏమవుతుందో ఆలోచించు." "దేవుడు నాకు చూపించాడు, ఈ సంబంధమే నీకు." మొదటిది నిజం కావచ్చు. రెండోది నిజమైన ఆందోళనే కావచ్చు. మూడోది ప్రార్థనలో పుట్టినదే కావచ్చు. కానీ వీటికి జవాబు చెప్పే చోటు ఆ పిల్లకు ఇస్తున్నామా? "దేవుడు చెప్పాడు" అన్న మాట మీద ఎవరు ఎదురు మాట్లాడగలరు? దేవుడే తలుపు తడుతూ నిలబడితే, ఆయన పేరు చెప్పి మనం తలుపు పగలగొట్టడం ఏమిటి?

పిల్లల ఇష్టమే చెల్లాలని నేను అనడం లేదు. తల్లిదండ్రులకు అధికారం ఉంది, సంఘ పెద్దలకు అధికారం ఉంది. ఏడేళ్ళ పిల్లను రోడ్డు దాటనివ్వకపోవడం వశీకరణ కాదు. "వద్దు, కారణం ఇది" అని ముఖాముఖి చెప్పే అధికారం వెలుతురులో ఉంటుంది. పిల్లకు కోపం వచ్చినా తనకేం జరుగుతోందో తెలుస్తుంది. దొడ్డిదారిన మనసులోకి దూరి, తానే కోరుకుంటున్నట్టు అనిపించేలా చేసేది వేరు. ఆటలో గంట గడిచాక మంత్రం వేశారని తెలుస్తుంది. జీవితంలో కొందరికి నలభై ఏళ్ళు వచ్చాక తెలుస్తుంది, తాను చదివిన చదువు, తాను చేసిన పెళ్ళి తన "అవును" కాదని.

నా వృత్తిలో కూడా ఇది రోజూ చూస్తాను. యాప్ డిజైన్ చేసేటప్పుడు "అంగీకరిస్తున్నాను" అన్న బటన్ పెద్దదిగా, రంగులో పెడతారు. "వద్దు" అన్నది బూడిద రంగులో, మూలన. వీడియో అయిపోకముందే తరువాతిది సిద్ధం. పాస్టరుగారి పేరు పెట్టుకుని గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపమనే మోసగాళ్ళ మెసేజీలు సంఘాల్లో చాలామందికి వచ్చే ఉంటాయి. అది అచ్చమైన సజెషన్ మంత్రం: నమ్మిన పేరు, సబబుగా ఉన్న మాట, ఆలోచించే సమయం ఇవ్వని తొందర. ఆటలో ఇదంతా చూసి గుర్తుపట్టడం నేర్చుకున్న పిల్లవాడు బయట మనకంటే ముందే మేలుకుంటాడేమో. ఎదిరించడానికి కావలసింది వివేకమని ఆ నియమాల పుస్తకం కూడా చెబుతోంది కదా.

కొన్ని ఆచరణ మాటలు

తల్లిదండ్రులకు: నిషేధించే ముందు ఒక్కసారి పక్కన కూర్చుని చూడండి. "మీ కథలో ఎవరు గెలుస్తున్నారు? మనసు పోగొట్టుకున్నవాణ్ణి మీరు విడిపిస్తున్నారా, వాడుకుంటున్నారా? నీకు నచ్చనిది జరిగితే ఆపమని చెప్పగలవా?" అని అడగండి. ఆ జవాబుల్లో మీకు కావలసింది దొరుకుతుంది. బల్ల దగ్గర పెద్దవాళ్ళెవరు, కథ ఎంత క్రూరంగా ఉంది అన్నది కూడా తెలుసుకోండి. పిల్లకు నిద్ర పట్టకపోతే, భయపడుతుంటే, ఆట దాటి నిజమైన మంత్రాలు, ఆత్మలను పిలవడం లాంటివి వెతుకుతుంటే ఆపండి, ఆపి మాట్లాడండి. పిల్ల ముభావంగా, ఒంటరిగా, బతకడం మీద ఆశ లేనట్టు ఉంటే పాచికల మీద నింద వేసి ఊరుకోకండి. ప్రార్థించండి, వైద్య సహాయం తీసుకోండి. అమెరికాలో 988 నంబరుకు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పంపవచ్చు.

యౌవనస్థులకు: మీ బల్ల దగ్గర ఎవరికైనా ఇది మనస్సాక్షికి ఇబ్బంది అయితే నవ్వకండి. విగ్రహాలకు అర్పించిన మాంసం విషయంలో పౌలు ఏమన్నాడో 1 కొరింథీ 8లో చదవండి. మాంసం వట్టి మాంసమేనని తెలిసినవాడు, తెలియనివాడి కోసం దాన్ని మానుకోగలగాలి. దయ్యం పట్టడాన్ని పల్లెలో కళ్ళారా చూసి వచ్చిన మీ అమ్మ, లేదా కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన మీ రూమ్మేట్, మీకు ఆ సహోదరులే. ఆ భాగం మీ కథలోంచి తీసేస్తే మీకు పోయేది ఒక సాయంత్రపు సరదా మాత్రమే. ఆడే పక్షంలో ఇంకొక ఆటగాడి పాత్రను అతని అనుమతి లేకుండా వశం చేసుకోకండి. లాక్కున్న ప్రేమను ఆటలో కూడా విజయంగా లెక్కించకండి.

ఇక సంఘంగా మనందరికీ ఒక మాట. మన పిల్లలకు రోజూ ఎన్నో గొంతులు "ఇదే నీ కోరిక" అని చెబుతున్నాయి. ఆ గొంతుల్లో మనది ఇంకొకటి కాకుండా ఉండాలంటే, మనం చెప్పినదానికి "కాదు" అనగలిగే చోటు కూడా వాళ్ళకు ఉండాలి. ఆ చోటు నుండి వచ్చిన "అవును" కొంచెం ఆలస్యంగా రావచ్చు. దేవుడు అలాంటి అవును కోసమే ఎదురు చూస్తాడు. ఈ వారం కుటుంబ ప్రార్థనలో మార్కు 5వ అధ్యాయం పిల్లలతో కలిసి చదివి, ఆ స్వస్థచిత్తుడైన మనిషి గురించి వాళ్ళేమనుకుంటున్నారో అడగండి. వాళ్ళు చెప్పేదాకా ఆగి వినండి.

ప్రభువు మన మనసులను, మన పిల్లల మనసులను కాపాడును గాక. ఆమేన్.